రెండు చెంచాల సూపు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. "అన్నా, నువ్వు దేవునికి దండం పెట్టినా కొట్లాడినట్టే ఉంటది" అని నవ్వేది మా చెల్లె. గా కోపంతోనే ఆమె నోటికాడి కూడు గుంజుకున్న.

చెల్లెకు ఇరవై మూడేండ్లు. రెండు కిడ్నీలూ ఖరాబైనయ్. వారానికి మూడు దినాలు డయాలసిస్, ఉప్పు బంద్, నీళ్లు గూడ కొలిచి తాగాలె. ఆమె ఒక్కతే చప్పిడి కూడు తింటే మనసు చిన్నబుచ్చుకుంటదని, మా లాల్‌దర్వాజా ఇంట్ల రెండేండ్లు అమ్మ అందరికీ చప్పిడి కూరలే వండింది.

మిషన్ కాడ నాలుగు గంటలు పండుకోవాలె గదా, చెల్లె ఫోన్ల కొరియా సీరియళ్లు చూసేది. గవాట్ల ఎప్పుడు చూసినా తింటనే ఉంటరు. పొగలు లేస్తున్న గిన్నెలు ముంగటేసుకొని వాళ్లు జుర్రుకుంటుంటే ఈమె గుటకలు మింగేది.

గప్పుడే ఛత్రినాకల బట్టల దుకాణం మీద కొరియా హోటల్ పడ్డది. మాదన్నపేటాయన, మణిపూర్ నుంచి వచ్చిన ఆయన భార్య నడిపిస్తరు. బోనాలకు ఫలహారం బండి పోయే గల్లీల కొరియా హోటలేందని బస్తీ అంత నవ్విన్రు. చెల్లె మాత్రం నెలదినాలు నా పానం తీసింది. "ఒక్కసారి కూసుండి వద్దాం అన్నా. తిననులే, వాసన చూస్త."

తీస్కపోయిన. మెట్లెక్కుతుంటే మూడుసార్లు ఆగింది. లోపల నాలుగే టేబుళ్లు. మేం అడగకముందే ఆ మణిపూరామె చిన్న చిన్న గిన్నెలల్ల క్యాబేజీ పచ్చడి, మొలకలు తెచ్చి పెట్టింది. చెల్లె వాటి పేర్లన్నీ చెప్పబట్టింది, కొరియాలనే పుట్టి పెరిగినట్టు. ఆమెను గంత ఖుషీగ చూసి ఎన్ని దినాలైందో.

ఒక్క గిన్నె నూడుల్స్ తెప్పిచ్చిన. ఎర్రటి సూపు, మీద సగం గుడ్డు.

"రెండు చెంచాలే" అన్న.

"రెండే."

మొదటి చెంచా తాగి కండ్లు మూసుకుంది. రెండోది మెల్లగ, చాలాసేపు తాగింది. మూడోసారి చెంచా ముంచింది.

"చస్తవా ఏంది? సోయి ఉన్నదా నీకు?" అని ఒర్రిన. అందరు తిరిగి చూసిన్రు. గిన్నె గుంజుకున్న. పక్కకు పెట్టినా బాగుండు. కోపంల ఆమె ముంగట్నే కూసుండి, గుడ్డుతో సహా అంత నేనే తిన్న. తూ, నా బతుకు! ఏం రుచో గూడ తెల్వలే.

చెల్లె ఏడ్వలే. నా దిక్కే చూసుకుంట "కారం ఉన్నదా అన్నా?" అనడిగింది.

రెండు నెలలకు పోయింది. గంత కట్టడి చేసి నేనేం కాపాడిన?

పదకొండో దినం మిద్దె మీద పిట్టకు పెట్టినం. పోయినోళ్లకు ఇష్టమైనయన్ని విస్తర్ల పెడుతరు. కాకి ముట్టేదాక ఇంటోళ్లు మెతుకు ముట్టొద్దు. ముట్టకుంటే పోయినోళ్లకు కోరిక మిగిలినట్టే. రెండేండ్ల తర్వాత అమ్మ ఆ దినం ఉప్పు సరిగ్గ వేసి మటన్, బగారన్నం, సర్వపిండి చేసింది. కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది, చూసింది, పోయింది.

రెండు గంటలాయె. ఒక్కొక్కరు ముంగటికొచ్చి మొక్కిన్రు. "నీ అన్న పెండ్లి చేస్త బిడ్డా, రా" అన్నది అమ్మ. ఆమెకు షుగరు. అయినా నీళ్లు గూడ ముడుతలేదు. "నా బిడ్డ ఆకలితోని పోయిందిరా" అని ఒకటే ఏడుపు.

ఆ ఆకలి ఏందో నాకొక్కనికే ఎరుక. బండి తీసి ఛత్రినాకకు ఉరికిన. మణిపూరామె నన్ను గుర్తుపట్టి "బెహన్ నహీ ఆయీ?" అని చెల్లె గురించి అడిగింది. "గుజర్ గయీ" అని, పోయిన సంగతి చెప్పిన. ఆమె లోపలికి పోయి గదే సూపు, నూడుల్స్ వండుకొచ్చింది. మీద ఈసారి గుడ్డు సగం గాదు, నిండుగ పెట్టింది.

విస్తర్ల పెట్టి, అందరం నీళ్ల ట్యాంకు ఎనుకకు జరిగినం. గింత సేపట్లనే కాకి దిగింది. ముందుగాల గుడ్డునే ముట్టింది.

"తిన్నది! నా బిడ్డ తిన్నది!" అమ్మ అక్కడ్నే కూలవడ్డది. జర తేరుకున్నంక నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"నువ్వు తీస్కపోయినవ్ గదరా ఆ హోటల్‌కు. ఆ దినం కడుపునిండ తిన్నదా?"

"తిన్నదమ్మా" అన్న. "గిన్నె ఖాళీ చేసింది."

అమ్మ గప్పుడు గ్లాసెడు నీళ్లు తాగింది. నా విస్తర్ల అన్నం పెట్టి, కూరేసి, పక్కన కూసున్నది.

"ఉప్పు సరిపోయిందారా?" అనడిగింది.

కలిపిన ముద్ద మళ్ల విస్తర్లనే పెట్టిన.