పులిగడ్డ వంతెన దగ్గర వదిలిన నీళ్ళు

మా బావగారి పడవను నాగాయలంక నుంచి బందరు చేర్చింది నేనే. కారు కూడా ఆయనదే. పాత డీజిల్ బండి. దాని వెనక కొక్కెం ఆయనే దగ్గరుండి వెల్డింగ్ చేయించుకున్నారు, పడవను ట్రాలీ మీదకెక్కించి లాక్కెళ్ళడానికి. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆ బండి మీదే, కాలవ గట్టున. క్లచ్ వదలడం నాకు ఎంతకీ వచ్చేది కాదు. "పక్కలో పిల్ల నిద్రపోతుంటే ఎలా లేస్తావమ్మా? అలా లేపాలి కాలు" అనేవారు. నాకు వెంటనే వచ్చేసింది.

బావగారు మా అక్క భర్త. దివిసీమలో రొయ్యల చెరువులు చేసేవారు. చెరువు పని లేని రోజున ఆ చిన్న ఫైబర్ పడవ వేసుకుని నది వెంట సముద్రం కలిసే చోటి దాకా వెళ్ళి చేపలు పట్టుకొచ్చేవారు. ఒక చలికాలం పొద్దున అలాగే ఒంటరిగా వెళ్ళారు. మధ్యాహ్నానికి పడవ మడచెట్ల వేళ్ళలో చిక్కుకుని కనిపించింది. లోపల ఆయన చెప్పులు ఉన్నాయి, తువ్వాలు ఉంది. ఆయన లేరు. ఊళ్ళో పడవలన్నీ వెతికాయి. ఏమీ దొరకలేదు.

కొన్ని నెలలు చూశాక పెద్దవాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టారు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలనీ, కర్మ జరిపించకపోతే ఆయనకు దారి దొరకదనీ చెప్పారు. అక్క కాదనలేదు, అవుననలేదు. పడవ ఇంటి షెడ్డులో ఉండగా మాత్రం కర్మ చేయించడం తన వల్ల కాదంది. దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు. బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేయించే సాయిబు గారు ఒకరు బావగారికి ప్రాణ స్నేహితుడు. తన కార్ఖానా వెనక ఖాళీ స్థలం ఉందని, అక్కడ పెట్టుకుంటానని కబురు చేశారు. మావారు ట్రాక్టరు మాట్లాడతానన్నారు. పరాయివాళ్ళ చేతికి ఇవ్వనని అక్క అంది. అందుకని గుడివాడ నుంచి నేను వెళ్ళాను.

పొద్దున్నే చెరువుల దగ్గర పనివాళ్ళు వచ్చి పడవను ట్రాలీ మీదకు ఎక్కించారు. ఇదివరకు ఇంత బరువు లేదే అని ఒకాయన గొణిగాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అక్క ముందు సీట్లో నా పక్కన కూర్చుంది.

ఊరు దాటగానే ఒక గేదె అడ్డం వస్తే బ్రేకు వేశాను. కారు ఆగింది. ఆగిన క్షణం తర్వాత వెనకనుంచి మెత్తగా ఒక తోపు వచ్చింది. ట్రాలీ ఉన్నప్పుడు కుదుపు మామూలే కానీ, అది వెంటనే వస్తుంది. ఇది అలా కాదు. పడుకున్న మనిషి లేచి, ముందుకు జరిగి కూర్చున్నట్టు కాస్త ఆలస్యంగా వచ్చింది. అక్క నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను.

అవనిగడ్డలో జనం ఎక్కువ. బ్రేకు వేసిన ప్రతిసారీ అదే తోపు. మళ్ళీ కదిలించేటప్పుడు ఎవరో వెనక్కి లాగినట్టు ఉండేది.  అక్క సీటులో పక్కకు తిరిగి, వెనక అద్దంలోంచి పడవ ముక్కునే చూస్తూ కూర్చుంది. ఎండ బాగా కాస్తోంది, చుట్టూ మనుషులున్నారు, అయినా నాకు భయం వేసింది.

పులిగడ్డ వంతెన ఎక్కే ఏటవాలు దగ్గర ముందు లారీ ఆగింది. నేనూ ఆపాను. లారీ కదిలాక ఫస్ట్ గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదిలాను. బండి వణికి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి వెనక్కి జారింది. హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకున్నాను. కాలిన వాసన కారు నిండా కమ్ముకుంది. వెనక వస్తున్న ఆటో అతను దిగి, ట్రాలీ చక్రాల కింద రాళ్ళు పెట్టి వెళ్ళాడు.

దిగి చూస్తే పడవ అడుగున, కుదుపులకు వదులైన బిరడా దగ్గర చుక్కచుక్కగా నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు అర్థమైంది. ఆ పడవకి అడుగున రెండు పొరలు. ఎక్కడో చిన్న పగులు ఉండేది, మధ్యలోకి నీళ్ళు చేరేవి. బావగారు ఇంటికి రాగానే బిరడా తీసి వంచేసేవారు. ఆ రోజు తర్వాత ఎవరూ తీయలేదు. షెడ్డులో వాన పడదు. లోపల ఉన్నవి ఆ రోజు నీళ్ళే.

అక్కకు చెప్పాను. నీళ్ళు వదలకపోతే బండి ఎక్కదని కూడా చెప్పాను.  తను చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

"నువ్వు తియ్యకు. నేను తీస్తాను" అంది.

నీళ్ళు ధారగా పడ్డాయి. నాచు వాసన వచ్చింది. అక్క ధార కింద అరచెయ్యి పెట్టి, తడి వేలు నాలిక మీద వేసుకుంది.

"ఉప్పగా ఉన్నాయే. సముద్రం దాకా వెళ్ళారన్నమాట."

పోటు వచ్చినప్పుడు నాగాయలంక రేవులో కూడా నీళ్ళు ఉప్పగానే ఉంటాయి. అది నాకు తెలుసు. అక్కడే కాపురం చేసిన తనకు ఇంకా బాగా తెలుసు.  నీళ్ళు వాలు వెంట వెనక్కి, మేము వచ్చిన దారిలోనే పారాయి. చివరి చుక్క దాకా అక్క లేవలేదు. బస్సులు హారన్ కొడుతూ పక్కనుంచి వెళ్ళాయి.

ఆ తర్వాత బండి ఇట్టే ఎక్కింది. మోపిదేవి దాటాం. చల్లపల్లి సెంటర్లో బ్రేకు వేశాను. వెనకనుంచి ఏ తోపూ రాలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అక్క మాత్రం వెనక్కి తిరిగి కాసేపు చూసి, "ఇప్పుడు రావట్లేదు" అంది. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, నాకు అంతకుముందు వేసిన భయం భయమే కాదనిపించింది. బందరు దాకా నేను అద్దంలోకి చూడలేకపోయాను.

సాయిబు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పడవను చూసి ఆయన ముఖం తిప్పుకున్నారు. తర్వాత వచ్చి అక్క ముందు తల వంచి, "చెల్లెమ్మా, ఇది నీదే. నేను నీళ్ళలో దింపను, ఇంకొకరిని దింపనివ్వను" అన్నారు. అక్క తల ఊపింది. ఆయన భార్య టీ ఇచ్చింది. అక్క ఆ నీళ్ళు పట్టిన కుడి చేత్తో గ్లాసు ముట్టుకోలేదు, ఎడమ చేత్తో తాగింది.

ఆ నెలలోనే కర్మ జరిగింది. నది ఒడ్డున దర్భ బొమ్మ క్షణాల్లో కాలిపోయింది. అక్క అన్నీ చేయించింది, బొట్టు మాత్రం తియ్యలేదు. పెద్దవాళ్ళు నాతో చెప్పించబోయారు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే తనే అంది: "వాళ్ళకి అయిపోయిందే. నాకు అయినప్పుడు నేనే తీస్తాను."

ఇప్పుడు చెరువులు తనే చూసుకుంటోంది. వీలైనప్పుడల్లా గుడివాడ నుంచి వెళ్తాను. సాయంత్రాలు నది వైపు వరండాలో కూర్చుని మేత గురించో, పిల్లల గురించో మాట్లాడుకుంటాం. నీళ్ళ మీద ఏదైనా ఇంజను చప్పుడు వినిపిస్తే ఇద్దరం మాట ఆపుతాం. అది రేవు దాటి వెళ్ళిపోయాక, ఎక్కడ ఆపామో అక్కడినుంచి మళ్ళీ మొదలుపెడతాం.