ఎనిమిది బియ్యం బస్తాలు

కెనడాలోని సార్నియాలో మా కాలేజీకి ఊరు పట్టనంతమంది స్టూడెంట్లు వచ్చిపడిన ఏడాది అది. అద్దెకున్న బేస్‌మెంట్ ఖాళీ చేయమని ఓనరు చెప్పాక మా ముగ్గురు స్నేహితులకీ ఎక్కడా గది దొరకలేదు. చివరికి ఎవరో వదిలించుకుంటున్న పాత ట్రావెల్ ట్రైలర్ దొరికింది. చక్రాల మీద చిన్న ఇల్లు. ఊరి బయట ఒక రైతు తన పొలంలో పెట్టుకోమన్నాడు. అక్కడిదాకా లాగే బండి మాకు లేదు.

మా తెలుగు చర్చి పెద్ద ఒకాయనకు వ్యాన్ ఉండేది. ఆయన పని ఊరవతల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, బస్సు పోని చోట.

"బాబూ, నువ్వు మెకానికల్ చదివావు గదా. నా బండి మూడున్నర వేల పౌండ్ల బరువు లాగుద్దంట. సరిపోద్దా?"

ట్రైలర్ తలుపు పక్కన స్టిక్కర్ చూశాను. మూడు వేల రెండు వందలు. "ఇంకా మూడు వందలు మిగులుద్ది అంకుల్" అన్నాను ధీమాగా.

ఆదివారం ఆరాధన అయ్యాక ట్రైలర్ ముందు ప్రార్థన చేశారు. కొత్తింట్లోకి ఉత్త చేతులతో పోకూడదని ఆంటీలు తలా ఒక బియ్యం బస్తా తెచ్చారు. మొత్తం ఎనిమిది. పచ్చళ్ళు, గ్రైండరు, సూట్‌కేసులు కూడా ఎక్కించాం. పొలంలో కుళాయి లేదని నేనే ట్రైలర్‌లోని ట్యాంకు నిండా నీళ్ళు పట్టాను. స్టిక్కర్ మీది బరువు ఖాళీ ట్రైలర్‌ది. ఆ సంగతి అంకె కిందే రాసి ఉంది. నేను అంకె చూసి ఊరుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నాలాంటి వాళ్ళను చూసే.

హైవే ఎక్కగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. అంకుల్ స్టీరింగ్ బిగించి పట్టుకుని "యేసయ్యా, యేసయ్యా" అంటూనే ఉన్నారు. వంతెన ఎక్కుతుంటే కాలిన వాసన వచ్చింది. పక్కకు తీసి ఆపారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ వ్యాన్ మళ్ళీ కదల్లేదు. గేర్‌బాక్స్ పోయిందనీ, ఇంత పాత బండికి బాగుచేయించడం దండగనీ మెకానిక్ తేల్చేశాడు.

ట్రైలర్‌ను ఎవరో ట్రక్కుతో పొలానికి చేర్చారు. నేను నింపిన ట్యాంకు మొదటి చలికే గడ్డకట్టి పగిలింది. తప్పు నాదని చెబుదామని రెండు ఆదివారాలు చర్చికి వెళ్ళాను. రెండుసార్లూ పిరికివాడిలా వెనక వరసలో కూర్చుని వచ్చేశాను.

మంచు పడుతున్న ఒక ఉదయం క్లాస్‌మేట్ కారులో వెళ్తుంటే, అంకుల్ క్యారియర్ పట్టుకుని రోడ్డు అంచున నడుస్తూ కనిపించారు. ఆపించి ఎక్కించుకున్నాను.

"అంకుల్, ఆ రోజు బరువు నేనే తప్పు..."

ఆయన పూర్తి చేయనివ్వలేదు. కనుబొమల మీది మంచు తుడుచుకుంటూ, "అది సరేగానీ బాబూ, బియ్యం ఉన్నాయా? అయిపోతే చెప్పండి, మొహమాటపడొద్దు" అన్నారు.

ఇంకా ఐదు బస్తాలు ఉన్నాయి.