సీసాలో గోమార్లు

మా గేటెడ్ కమ్యూనిటీలో కుక్కలున్నవాళ్ళెవరూ తమను కుక్కల యజమానులని చెప్పుకోరు. పెట్ పేరెంట్స్ అంటారు. కుక్కకు పుట్టినరోజు చేస్తారు, కేకు కోస్తారు, తినిపిస్తూ వీడియో తీస్తారు. ఆ కుక్క చెవి మడత విప్పి లోపల ఏముందో చూడమంటే మాత్రం మొహం పక్కకు తిప్పుకుంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనేది మా అమ్మమ్మ. ఈగల బదులు గోమార్లు అనుకుంటే కొండాపూర్లో మేముండే నాలుగు టవర్లకు ఆ సామెత అతికినట్టు సరిపోతుంది.

అసలు గోమార్లన్న మాటే మావాళ్ళకు రాదు. టిక్స్ అంటారు. ఒకాయన ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఆర్కిటెక్టు. కుక్క పొట్ట మీద బూడిదరంగు గింజల్లాంటివి చూసి పులిపిర్లనుకున్నాడు. వారం రోజులు వాటికి ఏదో క్రీము రాశాడు. చివరికి డాక్టరు ఒకటి పీకి అరచేతిలో పెట్టి చూపిస్తే, దానికి కాళ్ళు కదిలాయట, ఈయనకు కళ్ళు తిరిగాయట. ఈ కథ ఆయనే లిఫ్టులో నవ్వుతూ చెప్పాడు. వారం పాటు ఆ కుక్క రక్తం పోయిందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఇక వీళ్ళ వైద్యాలు చూడాలి. ఒకావిడ వెల్లుల్లి నూరి పూసేది. కుక్కలకు వెల్లుల్లి పడదని ఎవరో చెబితే కర్పూరానికి మారింది, అదీ పడదని తెలుసుకునే ఓపిక లేక. ఇంకొకాయన మెడ మీద వేసే చుక్కల మందు వేయించి, మర్నాడే స్పాకు పంపి షాంపూతో తలంటించేవాడు. రెండు రోజులు తడపొద్దని మందు పెట్టె మీద రాసే ఉంటుంది. ఆఫీసులో వందల పేజీలు చదివే మనుషులు, ఆ నాలుగు లైన్లు చదవరు. గోమార్లు పట్టకుండా మెడకు కట్టే పట్టీ కొన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఫోటోల్లో బాగుండదని అది విప్పి సొరుగులో పెట్టారు.

నేను వీళ్ళందరికంటే మేలని నా నమ్మకం. మా లాబ్రడార్‌కు నెలకొక మాత్ర నమిలించమని డాక్టరు చెప్పింది. నేను శ్రద్ధగా ఫోనులో రిమైండర్ పెట్టుకున్నాను. అది మోగినప్పుడల్లా ఏదో ఒక మీటింగులో ఉండేవాణ్ణి. తర్వాత గుర్తుచెయ్యి అని నొక్కేవాణ్ణి. అలా మూడు నెలలు నొక్కాను. మాత్రల పెట్టె సీలు కూడా విప్పకుండా ఫ్రిజ్ మీద ఉండిపోయింది.

మా గేటు దగ్గర పగటి డ్యూటీ చేసే గార్డుది నారాయణపేట వైపు ఊరు. మూసాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. యూనిఫాం వేసుకోకముందు సగం జీవితం గొర్రెల మంద వెనక నడిచినవాడు. ఆయన కుర్చీ పక్కన ఒక ఎర్ర కుక్క ఉండేది, ఒక చెవి సగం తెగిపోయిన ఆడకుక్క. మా టవర్లు కడుతున్నప్పటినుంచీ అక్కడే ఉందట. అంటే మా అందరికంటే పాత కాపురం దానిదే. తన టిఫిన్ డబ్బాలో రొట్టె సగం దానికి పెట్టేవాడు. రోజూ డ్యూటీ ఎక్కగానే దాన్ని పడుకోబెట్టి, చెవులనుంచి తోకదాకా వెంట్రుకలు విడదీసి వెతికేవాడు.

ఒక సాయంత్రం నేను చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మా కుక్కను తిప్పుతుంటే, అది గొలుసు లాక్కుని వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడుకుంది. ఆయన దాని చెవిలో వేలు పెట్టి చూశాడు.

"సార్, దీనికి గోమార్లు బాగున్నయ్. తీయమంటరా?"

క్లయింటు ఏదో చెబుతున్నాడు. నేను సరేనన్నట్టు చెయ్యి ఊపాను.

అప్పటినుంచి అది రోజువారీ పనైంది. ఆయన జేబులో చిన్న పట్టకారు ఉండేది. చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా, నెమ్మదిగా తిన్నగా లాగేవాడు. వేళ్ళ సందులు, చంకలు, మెడపట్టీ కింద, తోక మొదట్లో. తీసింది తీసినట్టు ఒక ఖాళీ కాఫీ సీసాలో వేసేవాడు. కరోనా కాలంలో అసోసియేషన్ డబ్బాలకు డబ్బాలు కొని మిగుల్చుకున్న శానిటైజర్ ఆ సీసాలో పోసి పెట్టాడు.

"గోర్లతోని నలపొద్దు సార్. దాని రోగం మనకంటుతది. కింద పారేస్తె గోడ పగుళ్ళల్ల గుడ్లు పెడ్తది. ఇట్ల మునిగితెనే పోతది," అని ఒకసారి చెప్పాడు.

నేను తలూపాను. ఆ పదిహేను నిమిషాలూ మీటింగు సాఫీగా సాగేది కాబట్టి నాకు చాలా సౌకర్యంగా ఉండేది. ఒక్కరోజూ హెడ్‌ఫోన్స్ తీసి ఆయనతో మాట్లాడలేదు. నన్ను చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తమ కుక్కల్ని ఆయన ముందు నిలబెట్టడం మొదలుపెట్టారు. అందరం ఫోన్లలోనే ఉండేవాళ్ళం.

ఆ వేసవి చివర మూడో టవర్లో ఒక బొచ్చుకుక్కకు టిక్ ఫీవర్ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి, ముక్కునుంచి రక్తం వచ్చి, నాలుగు రోజులు సెలైన్ మీద ఉండి బతికింది. దానికి నేను నిజంగానే బాధపడ్డాను. వాట్సాప్ గ్రూపు మాత్రం బాధపడే పని పెట్టుకోలేదు. ముద్దాయిని వెతికింది, పది నిమిషాల్లో దొరకబుచ్చుకుంది. గేటు దగ్గర ఎర్ర కుక్క. దాన్ని పంపించెయ్యాలి.

ఆ ఊపులో నేనూ ఒక సందేశం పెట్టాను. "మావాడికి ఇంతవరకూ ఒక్క టిక్ కూడా రాలేదు. క్రమశిక్షణ ఉంటే రాదు," అని. నాకు ఇరవైమూడు బొటనవేళ్ళు వచ్చాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి కథ విన్నాం. నేను భుజాలు తడుముకోవడమే కాదు, దానికి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆదివారం పొద్దున క్లబ్‌హౌసులో మీటింగు. ప్రెసిడెంటు ల్యాప్‌టాప్ పెట్టి స్లయిడ్లు వేశాడు. మొదటి స్లయిడు మీద రూట్ కాజ్ అని రాసి, కింద ఎర్ర కుక్క ఫోటో. మా ఆఫీసుల్లో ఏదైనా పాడైతే ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడగాలని నేర్పుతారు. ఇక్కడున్న అరవై మందీ ఆ శిక్షణ పొందినవాళ్ళే. ఒక్కరు ఒక్కసారి కూడా అడగలేదు. కుక్క అద్దాల తలుపు బయట కూర్చుని ఉంది. దాన్ని పట్టుకుని చూస్తే రెండు నిమిషాల పని. ఎవరూ లేవలేదు.

గార్డును పిలిచారు. సంగతేమిటో చెప్పారు. ఆయన మొహం చిన్నబోయింది.

"జర ఆగుండ్రి సార్," అని బయటికి వెళ్ళి సీసా పట్టుకొచ్చాడు. దాన్ని రెండు చేతులతో టేబుల్ మీద పెట్టాడు.

"చూడుండ్రి సార్. ఏనాడొచ్చినయ్ ఆనాడే తీసి దీంట్ల ఏస్తున్న. ఇప్పుడు నా కుక్క మీద ఒక్క గోమారి దొరికినా నన్ను అడుగుండ్రి."

ఆయన దృష్టిలో అది తన పని. నాలుగు వేళ్ళ మందాన, నల్లగా, బూడిదరంగుగా, శానిటైజర్లో మునిగి ఉన్న తన నెలల శ్రమ. వాళ్ళ దృష్టిలో అది సాక్ష్యం. ముందు వరసలో ఒకావిడ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ప్రెసిడెంటు సీసాకు ఫోటో తీశాడు. రెండు నిమిషాల్లో ఆ ఫోటో రెండో స్లయిడయింది. గోమార్లను ఏరినవాడిదే గోమార్ల తప్పని తేల్చిన తెలివి ఈ ఐటీ కారిడార్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఇల్లు తుడిచిన చేటలో చెత్త చూసి, ఈ చెత్తంతా తుడిచినామెదే అన్నట్టు.

ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఒకే ఒక్కరు అడిగారు. వెనక కూర్చున్న ఒక ముసలావిడ. "ఇన్ని ఒక్క కుక్కవేనా నాయనా?" అంది.

గార్డు నోరు తెరిచాడు. నా వైపు చూశాడు.

నేను కాఫీ మెషీన్ పక్కన నిలబడి ఉన్నాను. ఆ సీసాలో సగం నా కుక్కవి. ఐదు మాటలు. చెబితే ఆ కుక్క గేటు దగ్గరే ఉంటుంది. మరి నా క్రమశిక్షణ, ఆ ఇరవైమూడు బొటనవేళ్ళు ఏమవుతాయి? నేను ఫోను తీసి చూసుకున్నాను. అందులో ఏ సందేశమూ రాలేదు. అయినా వేలితో పైకీ కిందికీ జరుపుతూ ఉన్నాను. సాయంత్రాలు ఆయన ముందు తమ కుక్కల్ని నిలబెట్టిన మిగతావాళ్ళూ అక్కడే ఉన్నారు. వాళ్ళూ ఏమీ అనలేదు. వాళ్ళ పిరికితనం నాకు ఊరటగా అనిపించింది, అంత నీచంగా ఉన్నాను ఆ నిమిషాన.

"గోమార్లకు మీ కుక్క, మా కుక్క అని ఉండదమ్మా," అన్నాడు గార్డు చివరికి. అంతకుమించి ఎవరి పేరూ ఎత్తలేదు.

"మా కుక్కలన్నిటికీ వ్యాక్సిన్లు పడ్డాయి," అన్నాడు ప్రెసిడెంటు. వ్యాక్సిన్ వేస్తే గోమారి కుట్టదనే నమ్మకంతో నాలుగు తలలు ఊగాయి.

వీధికుక్కను తీసుకెళ్ళి ఇంకోచోట వదలడం చట్టానికి విరుద్ధమని ఎవరో గొణిగారు. "మనం వదలం. వెండర్ వదులుతాడు," అన్నాడు ప్రెసిడెంటు. అందరూ తేలికపడ్డారు. మా బతుకుల్లో ఏ పాపానికైనా ఒక వెండర్ ఉంటాడు.

మంగళవారం మధ్యాహ్నం వ్యాన్ వచ్చింది. ఆ వేళకు గార్డును సెల్లార్లో పార్కింగు చూడమని పంపించారు. ఆ ఏర్పాటు కూడా ప్రెసిడెంటుదే. ఎర్ర కుక్కకు మనుషులంటే భయం లేదు కాబట్టి పెద్ద గొడవేమీ జరగలేదట. బిస్కెట్ చూపిస్తే దానంతట అదే వ్యాన్ ఎక్కిందట. ఎక్కడ వదిలారంటే జీడిమెట్ల దాటాక అన్నారు. గార్డు రెండు వారాలు, సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్ళి, ఫ్యాక్టరీ గేట్ల దగ్గరున్న గార్డులను ఒక్కొక్కరినే అడుగుతూ తిరిగాడు. ఫోనులో దాని ఫోటో చూపించాడు. దొరకలేదు.

ఆ తర్వాత గార్డులు పెంపుడు జంతువులను ముట్టుకోకూడదని, పరిశుభ్రత దృష్ట్యా అని, ఒక నోటీసు అంటించారు. ఏరేవాడు లేకపోయేసరికి గోమార్లు నెలలోపే విజృంభించాయి. క్లబ్‌హౌసు గోడ పగుళ్ళలో, లిఫ్టు మూలల్లో, ఒకరి పిల్లాడి మెడ మీద. మందు కొట్టేవాళ్ళు వచ్చారు, వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. ఎర్ర కుక్క లేకుండానే ఇవెలా వచ్చాయని గ్రూపులో ఒక్కరూ రాయలేదు. పక్క కమ్యూనిటీనుంచి పాకి వస్తున్నాయని తేల్చుకున్నారు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ.

నేను మాత్రల పెట్టె సీలు విప్పాను. మందు పనిచేసేలోపు మా కుక్క ఒళ్ళంతా పట్టి ఉన్నవాటిని ఏరాలి కదా, బాత్రూం నేల మీద పట్టకారుతో కూర్చున్నాను. మొదటిది తిప్పి లాగాను. తల లోపలే ఉండిపోయింది. కుక్క కుయ్యిమని కాలు లాక్కుంది. ఆయన తీసేటప్పుడు అది నిద్రపోయేది. నాలుగు కాళ్ళూ చూసేసరికి గంటన్నర పట్టింది. ఆ పని ఎంతదో అప్పుడు తెలిసింది. నా మీద నాకు రోత పుట్టింది.

మర్నాడు సాయంత్రం హెడ్‌ఫోన్స్ ఇంట్లో పెట్టి గేటు దగ్గరికి వెళ్ళాను. మా కుక్క అలవాటు కొద్దీ ఆయన కాళ్ళ దగ్గర పడుకుంది. ఆయన చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

"పెద్దాయనా," అన్నాను. "ఆ రోజు మీటింగులో నేను నోరు విప్పాల్సింది. సీసాలో సగం మావాడివే. నేను చెప్పుంటే మీ కుక్క ఇక్కడే ఉండేది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన గొంతులో కోపమేమీ లేదు.

"ఆనాడు మీ దిక్కు చూసిన సార్. ఫోన్ చూస్తుండ్రి. బిజీ ఉన్నరేమో అనుకున్న," అన్నాడు.

బయట ఎవరిదో కారు హారన్ కొట్టింది. మా కుక్కను పక్కకు జరగమని మెల్లగా అదిలించి, ఆయన లేచి గేటు తియ్యడానికి వెళ్ళాడు.