మదనపల్లె నుంచి కుప్పానికి: ఒక్క డిప్పర్ పడినా తాళం పోయినట్టే

పోయిన నెల పుంగనూరు దారిలో, పొగమంచులో, మా పికప్ ముందు చక్రం కాలువలోకి దిగింది. ఎనిమిది క్రేట్ల టమోటాలు రోడ్డు పాలయ్యాయి. నాకు చిన్న గీత కూడా పడలేదు గానీ, ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది: ఆడమనిషి చేతికి బండి ఇస్తే ఇంతే మరి! బండి నాదీ, మా అన్న రెడ్డెప్పదీ. చెరిసగం పెట్టుకుని కొన్నాం. మదనపల్లె టమోటాలు కుప్పం అంగళ్లకు వేసే పని మాత్రం ఆరేళ్లుగా నాదే. అన్న ఆ రోజే తాళం జేబులో వేసుకుని, "మంచుకాలం పోయేదాకా డ్రైవర్ను పెడతాను. నువ్వు ఇంట్లో ఉండు రత్నా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు నా చేతిది కాదు, లైట్లది. అది చూపించడానికే ఈ ప్రయాణం.

నిజం చెప్పాలంటే ఆ లైట్లు పెట్టించుకున్నదీ నేనే. "తెల్ల లైటు ఏసుకోమ్మా, ఎదురొచ్చేవోడే బయపడి తగ్గుతాడు" అని అంగడివాడు చెబితే పొంగిపోయాను. మా వైపు పికప్‌లవాళ్లకు ఇదో జబ్బు. ఎవరి లైటు ఎక్కువ గుచ్చితే వాడే మొనగాడు. మంచులో ఆ తెలుపంతా వెనక్కి తిరిగి నా కళ్లలోనే కొట్టింది, మలుపు కనిపించలేదు.

అందుకే అన్నతో పందెం కట్టాను. "లైట్లు సరిజేయించుకొస్తాను. నా పక్కన కూసోని కుప్పం దాకా రా. దావలో ఒక్కడు డిప్పర్ కొట్టినా తాళం నీకే ఇచ్చేస్తాను" అన్నాను. మన లైటు కళ్లలో పడితే ఎదుటివాడు తన లైటు టపటపా ఆర్పి వెలిగిస్తాడే, అదే డిప్పర్. నోరు తెరవకుండా తిట్టే తిట్టు. అన్న నవ్వాడు. "ఒక్కడేనా? సూస్తాం పద" అని తాళం చేతిలో పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఖాళీ బండితో బయలుదేరి నాలుగుకల్లా పుంగనూరు చేరాను. ముప్పై చిల్లర కిలోమీటర్లు. అక్కడ మస్తాన్ భాయ్ నలభై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాడు. ఆయన లైట్ల వైపు చూడకుండా నేరుగా బండి వెనక్కి వెళ్లాడు.

"లోడు యాడమ్మా?"

"లైట్లు సూడమంటే లోడు అడుగుతావేంది భాయ్?"

"ఖాళీ బండికి సరిజేస్తే ఏమొస్తాది? ఎనకాల టన్ను పడితే బండి మూతి పైకి లేస్తాది. అప్పుడు నీ లైటు రోడ్డు మీద పడదు, ఎదుటోడి కండ్లలో పడతాది. మీ మదనపల్లోళ్లంతా ఇదే తప్పు సేస్తాండారు."

ఆరేళ్లుగా నడుపుతున్నాను, ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. సిగ్గేసింది. భాయ్ పక్కనున్న దాణా అంగడిలో ఇరవై బస్తాలు రాత్రి దాకా అడిగి బండిలో వేయించాడు. హమాలీలకు మూడు వందలు ఇచ్చాను. టైర్లలో గాలి చూశాడు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. "రోజూ నడిపేది నువ్వే గదా, నీ బరువుతోనే సూడాల" అన్నాడు. ఆ మాట అన్న వింటే బాగుండు అనుకున్నాను.

తెల్ల బల్బులు పీకేసి, బండితో వచ్చిన రకం బల్బులే వేసి, కరెంటు సరిగా అందేలా విడిగా వైరూ రిలే కట్టాడు. బంపర్ కింద పసుపు ఫాగ్ లైట్లు రెండు బిగించాడు. చీకటి పడ్డాక బండిని గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో చదును నేల మీద నిలబెట్టి, లైటు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీశాడు. ఒక లైటుకు గోనె కప్పి, రెండోదాని స్క్రూ తిప్పుతూ, డిమ్ వెలుగు పైఅంచు గీతకు మూడు వేళ్ల కిందికి వచ్చాకే ఆపాడు. ఫాగ్ లైట్లు ఇంకా కిందికి, పక్కలకు పరుచుకునేలా దించాడు. "మంచులో డిమ్ములోనే పో, పై లైటు ముట్టుకోవాకు" అన్నాడు. మొత్తం నాలుగు వేల వంద అయింది.

తెల్లవారుజామున నాలుగింటికి నిండా క్రేట్లతో మదనపల్లెలో బయలుదేరాం. కుప్పానికి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా నూటపది కిలోమీటర్ల పైమాటే. పుంగనూరు దాటగానే మంచు దిగింది. పసుపు వెలుగు మంచు కిందుగా పోయి రోడ్డు అంచును చూపిస్తోంది. ముప్పైకి మించకుండా నడిపాను. లారీలు ఎదురొచ్చాయి, బస్సులు ఎదురొచ్చాయి. ఒక్కరూ డిప్పర్ కొట్టలేదు. ఎదురొచ్చే బండ్లను వేళ్లు మడిచి లెక్కపెడుతున్న అన్న పలమనేరులో ఆ లెక్క మానేశాడు.

పలమనేరు దాటి అడవి పక్కన పోతుండగా ఎదురుగా ఓ పాల వ్యాన్. ఒకసారి కాదు, నాలుగుసార్లు టపటపా కొట్టింది. అన్న తాళం కోసం చెయ్యి చాపాడు.

"ఉండన్నా, ఆ మనిషిని అడగనీ" అని బండి ఆపాను. వ్యాన్ కూడా మా పక్కనే ఆగింది.

"మలుపులో ఏనుగులుండాయమ్మా. మూడు. రోడ్డు దాటతాండాయి, లైట్లు ఆర్పి ఈడే ఉండండి" అన్నాడు డ్రైవరు.

అన్న ఊరుకుంటాడా! "మా లైటు నీ కండ్లలో కొట్టిందా అప్పా?" అని అడిగాడు.

"కొట్టింటే నేనేల నిలబడతాను? తిట్టుకుంటా పోయుందును."

వ్యాన్ వెళ్లిపోయింది. లైట్లు ఆర్పి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మలుపు వైపు కొమ్మలు విరిగే చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగిపోయింది. అన్న చాపిన చెయ్యి ఎప్పుడో వెనక్కి తీసుకున్నాడు. "నిదానంగా పోనీ రత్నా" అన్నాడు. ఎనిమిదిన్నరకు కుప్పంలో సరుకు దించాం. టిఫిన్ తింటూ తన ట్రాక్టరు లైట్లకు మస్తాన్ భాయ్ ఎంత తీసుకుంటాడని అడిగాడు.

పాత తెల్ల లైట్లే ఉండుంటే ఆ పాలాయన మమ్మల్ని తిట్టుకుంటూ పోయేవాడు, మేం నేరుగా ఏనుగుల కాళ్లకిందికి పోయేవాళ్లం. ఎదుటివాడి కళ్లు పొడిచి గెలిచే గెలుపు నాకు వద్దు. అలాగే, ఆడమనిషి చేతికి బండి ఇవ్వకూడదని ఎవరైనా అంటే వాళ్ల మాట కూడా నాకు వద్దు. ఈ దారిలో సరుకు వేసుకుని వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: లైట్లు సరిచేయించేటప్పుడు రోజూ వేసే బరువంతా బండిలో వేసి, రోజూ నడిపే మనిషినే సీట్లో కూర్చోబెట్టండి. మా బండిలో ఆ మనిషి నేనే.