అత్తమ్మ నవ్విన నాటకం

మా అత్తమ్మ పోయిన మంగళవారం పొద్దున దవాఖానలో కన్నుమూసింది. కబురు తెలిసి వచ్చిన నాంపల్లి గల్లీ వాళ్లంతా ఆమె భక్తి గురించో, ఆమె పెట్టిన పచ్చళ్ల గురించో మాట్లాడారు. నాకు మాత్రం ఒక దొంగల నాటకం గుర్తుకొచ్చింది.

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి మామయ్య పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయిపోయినా ఇంట్లో రేడియో పెట్టేవారు కాదు. ఇంటికి పెద్దదిక్కు మామయ్యగారి అన్న. నేను పెద్దమామ అనేదాన్ని. "మనిషి పోయిన ఇంట్ల పాటలేంది?" అని ఆయన ఒక్కసారి అన్నారట, అంతే. అత్తమ్మ ఆయన ఎదుట నోరెత్తేది కాదు. కొంగు తలమీదికి లాక్కుని, చెప్పాల్సింది నాతో చెప్పించేది. ఆమె నవ్వగా నేను చూడలేదు.

ఒక సాయంత్రం వంటింట్లో ఇద్దరం బియ్యం ఏరుతున్నాం. గోడవతల, పక్క పోర్షన్‌లోని టీచరమ్మ వాళ్ల రేడియోలో నాటకం మొదలైంది. ముగ్గురు దొంగలు ఒక శాస్త్రవేత్త ఇంటికి కన్నం వేశారు. వాళ్లు ఎత్తుకుపోవాలనుకున్నది బంగారం కాదు, బరువు! మనల్ని నేలమీద పట్టి ఉంచే ఆకర్షణశక్తిని ఆయన ఒక జాడీలో బంధించాడట. జాడీకి కాపలా ఒక మరమనిషి. దానికి పొగడ్తలంటే ఇష్టం. "ఎంత చక్కగా మెరుస్తున్నావయ్యా!" అనగానే సిగ్గుపడి దారిచ్చింది.

అత్తమ్మ చేతిలో చేట ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

అప్పటినుంచి వారం వారం నాటకం వేళకు ఆ గోడ పక్కనే మాకు ఏదో ఒక పని ఉండేది.

"ఆ జాడీ మూత తీస్తే ఏమైతదే పిల్లా?" అని మధ్యలో అడిగేది.

"ఏమో అత్తమ్మా."

"చేటల బియ్యం లేచి దూలానికి తగుల్తయి" అని తనే తేల్చేసేది.

చివరి భాగం వచ్చేనాటికి టీచరమ్మ వాళ్లు క్రిస్మస్‌కు మెదక్ వెళ్లిపోయారు. గోడవతల చప్పుడు లేదు. అత్తమ్మ కాసేపు కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఆఖరికి చెప్పులేసుకుంది.

"పా పిల్లా, అబిడ్స్ పోదాం. గాడ రేడియోలమ్మే దుకాణం ఉంది."

"పెద్దమామ అడిగితే?"

"అడగనీ."

మామయ్య పోయాక ఆమె గుడికి తప్ప గడప దాటడం అదే మొదలు. దుకాణంలో సినిమా పాటలు మోగుతున్నాయి. "అయ్యా, జర నాటకం పెట్టున్రి. దొంగలు దొరికిన్రో లేదో విని పోతం" అంది. దుకాణదారు మీట తిప్పి, మాకు స్టూళ్లు వేశాడు. దారినపోయేవాళ్లూ ఒక్కొక్కరే ఆగారు.

దొంగలు మూత తీయనే తీశారు. ముగ్గురూ గాల్లోకి లేచారు. చాయ్ తాగబోతే చాయ్ కూడా లేచింది. దాని వెంటపడి ఈదీ ఈదీ, "మా బరువు మాకిచ్చెయ్యండి బాబోయ్!" అని పోలీసుల్ని వాళ్లే కేకేసి పిలిచారు. అత్తమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. నడిబజారులో, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య, కళ్లనీళ్లు కారేలా నవ్వింది.

ఇంటికొచ్చేసరికి పెద్దమామ గుమ్మంలో నిలబడి ఉన్నారు. "యాడికి పోయిన్రు?" అని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడింది.

"నాటకం వినొచ్చినం బావా. నవ్వుకున్నం. మీ తమ్మునికి నా నవ్వంటే పాణం. ఆయన పేరు చెప్పి నవ్వు బంద్ పెడితే ఆయనకే నచ్చదు."

ఆమె తల దించలేదు. పెద్దమామ లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు సాయంత్రం రేడియో ఆయనే పెట్టారు, వార్తల కోసమన్నట్టు.

"పెరుగూ నవ్వూ రేపటికి దాస్తే పులుస్తయి బిడ్డా" అనేది అత్తమ్మ. మా అమ్మ పోయి నేను మూగగా కూర్చున్న రోజుల్లో మాత్రం ఆ మాట అనలేదు. నా పక్కన కూర్చుని రేడియో చెవి మెల్లగా తిప్పి నాటకం పెట్టింది. అంతకన్నా పెద్ద ఓదార్పు నాకెవరూ ఇవ్వలేదు.

పెద్దమామ వార్తలయ్యాక కూడా కుర్చీలోంచి లేచేవారు కాదు. పేపరు అడ్డం పెట్టుకుని మాతోపాటే నాటకాలు వినేవారు. ఒక సాయంత్రం నవ్వు ఆపుకోబోయి ఆయనకు పొలమారింది. అత్తమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగుతూనే నవ్వుతున్నారు, నీళ్లు ధోవతి మీద ఒలుకుతున్నాయి. ఆమె ఏమీ చూడనట్టు అటు తిరిగి, రేడియో శబ్దం ఇంకొంచెం పెంచింది.