వెనక్కి జారే దొరసాని

ఊళ్లో ఆమెను అందరూ పట్టీలమ్మ అంటారు. మంచుబండి లాగే కుక్కల ఛాతీకీ వీపుకీ బిగించే పట్టీలు కుట్టడం ఆమె పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిరిగిన పాత పట్టీలను కుట్లు విప్పి చూసి, మళ్లీ కుట్టి నేర్చుకుంది. కొట్టుకి వచ్చి కబుర్లు పెట్టుకునే వాళ్లుంటే మిషను గట్టిగా తొక్కేది.

ఆ పొద్దున ఆమె అక్క మొగుడు, ఆమె కుట్టిన పట్టీతోనే తన హస్కీ కుక్కని వెంటబెట్టుకొచ్చాడు. దానికి ఒక కన్ను నీలం, ఒకటి గోధుమరంగు. ఆ చూపుకే పట్టీలమ్మ దానికి దొరసాని అని పేరు పెట్టింది. అది పిల్లగా ఉన్నప్పుడు ఈ మిషను కిందే పడుకునేది.

"దీన్ని ఇచ్చేస్తున్నా మరదలా. మధ్యాహ్నం మనిషొచ్చి తీసుకెళ్తాడు."

పట్టీలమ్మ చేతిలో కత్తెర ఆగింది. "ఏం చేసింది బావా?"

"బండి కదిలేలోపు వెనక్కి నడుస్తుంది. పట్టీలోంచి ఊడి పరుగో పరుగు. మా మలమ్యూట్ కుక్కల్ని చూడు, బుద్ధిగా లాగుతాయి."

"అవి మొండికేస్తే?"

"ఎక్కడివక్కడ చతికిలబడతాయి. బతిమాలుకోవాలి."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. దొరసాని పక్కన కూర్చుని, పైబొచ్చు, దాని కింద దూదిలాంటి మెత్తటి బొచ్చు దాటి, ఎముక తగిలేదాకా వేళ్లు పోనిచ్చింది. పట్టీకీ ఒంటికీ మధ్య గుప్పెడు సందుంది. బొచ్చు వల్ల పైకి నిండుగా కనిపిస్తోంది, అంతే.

"తప్పు నాది బావా. మలమ్యూట్ కొలతనే చిన్నది చేసి కత్తిరించాను. దాని ఛాతీ వెడల్పు, దీనిది సన్నం. అది వెనక్కి నడిచే రకం కాదు కాబట్టి వదులున్నా బయటపడలేదు. ఇదేమో సందు కనిపిస్తే చాలు, దూరిపోయే రకం."

"నువ్వు తప్పు ఒప్పుకున్నావని మీ అక్కకి చెబితే నమ్మదు."

"చెప్పకు. ఆ మెడ పట్టుకో."

బొచ్చు అణచిపెట్టి కొత్తగా కొలిచింది. పాత కుట్లు విప్పి, ఛాతీ దగ్గర పట్టీ కుదించి, పొట్ట కింద ఇంకో పట్టీ వేసి కుట్టింది. బావ రెండుసార్లు టీ తాగాడు, మూడుసార్లు గడియారం చూశాడు. కుట్టిన పట్టీ తొడిగి, దాని తాడు మిషను బల్లకు కట్టింది.

దొరసాని వెనక్కి నడిచింది. తల వంచింది, నడుం మెలితిప్పింది. పట్టీ రాలేదు. మెడ పైకెత్తి, ఇంటిల్లిపాదినీ తిట్టినట్టు పొడుగ్గా ఊళపెట్టింది. తర్వాత ముందుకి తిరిగి, ఛాతీ వంచి ఒక్క లాగు లాగింది. ఇనప బల్ల కిర్రుమని జరిగింది. బావ చేతిలోని టీ చొక్కా మీద ఒలికింది.

"ఆ మనిషికి ఏం చెప్పమంటావు?" అన్నాడు బావ, చొక్కా తుడుచుకుంటూ.

"కుక్కకి పని దొరికిందని చెప్పు. ముందు నా బల్లని వెనక్కి జరుపు."

బావ ఫోను తీశాడు.