మంగళవారం ధర

అతని అసలు పేరు కొట్టు బోర్డు మీద ఉంది. ఎవరూ చదవలేదు. వీధిలో అందరికీ అతను ఆగండిగారు.

విమాన టికెట్లు అమ్మే ఆ కొట్టంటే మెట్ల కింద గది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. మూడో మనిషి వస్తే మెట్లు వాలిన వైపు తల వంచుకుని నిలబడాలి. పక్కది జిరాక్స్ కొట్టు. మధ్య గోడ చెక్కది. అక్కడి యంత్రం చప్పుడు ఇక్కడికి, ఇక్కడి మాటలు అక్కడికి వినబడతాయి.

గోడకు క్యాలెండరు. ప్రతి తేదీ గడిలో పెన్సిలుతో చిన్న అంకెలు. దేశం లోపలే తిరిగే విమానాలు, ఆరు దారులు, ఆ రోజు ధరలు. ఇరవై ఏళ్లుగా రాస్తున్నాడు. ఏ వారం పెరుగుతాయో, ఏ రోజు దిగుతాయో ఆ అంకెలను చూసి చెప్పేవాడు. నలుగురికి టికెట్లు కావాలంటే నలుగురికీ కలిపి వెతికేవాడు కాదు. చవక సీట్లు మూడే మిగిలి ఉంటే, కలిపి అడిగినప్పుడు నాలుగింటికీ పై ధరే చూపిస్తుంది. ముందు ముగ్గురికి కొని, తర్వాత ఒకరికి కొనేవాడు.

ఎక్కువగా మాత్రం ఒకే మాట చెప్పేవాడు.

"ఆగండి. తగ్గుతుంది."

"నిన్ను నమ్ముకుని పెళ్లికి బయల్దేరితే వాళ్ల పిల్లాడి పుట్టినరోజుకి చేరతారయ్యా," అనేవాడు గోడ అవతలి నుంచి జిరాక్స్ ఆయన.

"చేరినా చవగ్గా చేరతారు," అనేవాడు అతను.

ఆగడం అతనికి అక్క నేర్పింది. తల్లి పోయేనాటికి అతనికి ఏడేళ్లు, అక్కకు పదహారు. సాయంత్రం పూట చేతిసంచీతో, తమ్ముడి చెయ్యి పట్టుకుని కూరగాయల బజారుకు వెళ్లేది. వెళ్లి కొనేది కాదు. ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చునేవాళ్లు. "ఆగరా, ఇంకో పావుగంట. బుట్టలు సర్దుకునే వేళకి వాళ్లే పిలుస్తారు," అనేది. అతను అమ్మేవాళ్ల చేతులకేసి చూసేవాడు. చేతులు గోనెపట్టా అంచు పట్టుకోగానే అక్కను గిల్లేవాడు. ఇద్దరూ లేచి వెళ్లేవాళ్లు. ఒక్కసారి కూడా ఖాళీ సంచీతో ఇంటికి రాలేదు.

అక్క పెళ్లయి దూరపు ఊరు వెళ్లింది. రైల్లో రెండు రోజులు, విమానంలో రెండు గంటలు. అతనికి యాభై రెండేళ్లొచ్చినా ఆమెకు ఇంకా "ఒరే"నే.

ఒక గురువారం పొద్దున ఫోన్ చేసింది.

"ఈ శనివారం కాక పై శనివారం నాకు ఆపరేషన్‌రా. గుండెలో తలుపొకటి సరిగ్గా మూసుకోవట్లేదట. వడ్రంగి పనే, భయమేం లేదు. ఆలోగా ఒకసారి కనిపించిపో. నన్ను లోపలికి తీసుకెళ్లేముందు నిన్ను చూడాలనుంది."

"వస్తానక్కా."

"ఇప్పుడెంత ఉంది?"

చూశాడు. "పదకొండు వేలు."

"అమ్మో. బడులు తెరిచే వారం కదూ."

"ఆదివారంతో రద్దీ పోతుంది. మంగళవారం దిగుతుంది."

"ఎంతకి?"

"నాలుగు వేలకి అటూ ఇటూ."

"అయితే ఆగు. నాకేం పని, మంచం మీదేగా ఉంటాను."

కొనలేక కాదు. బ్యాంకులో అంతకు నాలుగింతలుంది. ఆ సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ అంది.

"ఇవాళే కొనెయ్యకూడదూ? ఎంత పెట్టారని ఆవిడ అడుగుతుందా ఏమిటి?"

"మొదట అడిగేది అదే," అన్నాడు.

అది నిజం. భార్యకూ ఆ సంగతి తెలుసు.

అప్పటినుంచి అక్క రోజూ పదకొండింటికి ఫోన్ చేసింది. ఇదివరకు నెలకోసారి మాట్లాడుకునేవాళ్లు. ఆరోగ్యం అడిగితే బాగానే ఉందనేది, అక్కడితో మాటలు అయిపోయేవి. ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఒకటి దొరికింది.

"ఇవాళెంతరా?"

"పదకొండున్నర. పెరిగింది."

"పెరగనీ. వాళ్లూ మనల్ని చూస్తున్నట్టున్నారు."

వెనక నుంచి బావ గొంతు వినబడేది. "అక్కాతమ్ముళ్లు కలిసి విమానాన్నే బేరమాడేలా ఉన్నారు. రెక్కలు విడిగా అమ్ముతారేమో అడగండి."

ఆదివారం తొమ్మిది వేలయింది. సోమవారం ఏడున్నర. ఆ రోజు అక్క గొంతులో ఆయాసం ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినబడింది.

"కొనేద్దామేంట్రా?" అంది.

అతను క్యాలెండరుకేసి చూశాడు. గత ఏడాది ఇదే వారం, అంతకు ముందు ఏడాది ఇదే వారం. అంకెలన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

"ఒక్క రోజక్కా. రేపు చూడు."

"సరేలే. అది నీకే తెలుస్తుంది."

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ధర దిగింది. నాలుగు వేల వంద. గురువారం విమానానికి కొన్నాడు. మార్చుకోవడానికి, డబ్బు వెనక్కి తీసుకోవడానికి వీల్లేని టికెట్టు. చవక టికెట్టు ఎప్పుడూ అంతే. అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె నవ్వింది. ఫోన్ పక్కకు పెట్టి, "చెప్పానా? అయిదు వేలూ కాదు, నాలుగున్నరా కాదు, నాలుగు వేల వంద," అని ఎవరితోనో అనడం వినబడింది.

"మూడున్నరకి దిగుతానక్కా."

"కారు సంగతి నేను చూస్తాలే. నువ్వు అక్కడ బేరమాడుతూ నిలబడకు."

బుధవారం తొమ్మిదింటికి బావ ఫోన్ చేశాడు.

"మీ అక్క పోయిందయ్యా. లేచి, జుట్టు దువ్వుకుంటూ కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే."

అతను కొట్టుకు వెళ్లి కంప్యూటరు తెరిచాడు. మధ్యాహ్నం విమానంలో ఒక సీటుంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ధర చూడకుండా కొన్నాడు. జిరాక్స్ ఆయన యంత్రం ఆపి వచ్చి, అతని వాలకం చూసి కొట్టు షట్టరు దించాడు. ఆ తేదీ గడి క్యాలెండరులో ఖాళీగానే ఉంది.

అతను చేరేసరికి సాయంత్రమైంది. అక్క ముఖం చూశాడు. జుట్టు ఒక పక్కే దువ్వి ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. అతను, బావ ఆమె గదిలో కూర్చున్నారు. కిటికీ పక్కన మంచం, మందులు, దువ్వెన. దిండు కింద ఖాళీ మందుల అట్టపెట్టె ఒకటి కనబడింది. దాని వెనక పెన్సిలుతో ఆరు అంకెలు, ఒకదాని కింద ఒకటి. చివరిదాని చుట్టూ గీత చుట్టింది. గీత సరిగ్గా కలవలేదు.

"ధర కోసం నేను ఆగకుండా ఉండాల్సింది," అన్నాడు అతను.

బావ ఆ అట్టపెట్టె అందుకుని చూశాడు. తర్వాత అన్నాడు.

"మంగళవారం సాయంత్రం వీధిలో అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఎంత సంతోషంగా ఉందో నువ్వు చూడాల్సిందయ్యా."

అది ఓదార్పో, నింద వేయడమో అతనికి తెలియలేదు. బావకూ తెలిసినట్టు లేదు.

మూడున్నర దాటింది. మంగళవారం అతను కొన్న సీటు ఖాళీగా ఆ ఊళ్లో దిగి ఉంటుంది. మూడు నలభైకి అతని ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నమస్తే సార్, కారు డ్రైవర్ని. విమానాశ్రయం బయట తలుపు దగ్గరే ఉన్నాను. మీ విమానం వచ్చేసిందని బోర్డు మీద వేశారు. మీరు కనబడట్లేదు."

అతను మంచంకేసి చూశాడు.

"ఎవరు పంపారు?"

"అమ్మగారే సార్. మంగళవారమే మాట్లాడి డబ్బులు కూడా ఇచ్చేశారు. 'మా తమ్ముడు సామాను కోసం ఆలస్యం చేస్తాడేమో, ఎంతసేపైనా ఆగు' అన్నారు. ఏం పర్లేదు, నిదానంగా రండి."

బావ తల ఎత్తి చూశాడు.

"ఆగకండి," అన్నాడు అతను.

"సార్?"

"మీరు ఇంటికి వెళ్లిపోండి. ఆగకండి."